32 పేజీల్లో మహానుభావులు

బెంగళూరులో దొరికిన బొమ్మల జీవితచరిత్రల్లో బాగా పాతది ఒకటి కాగితం మీద లేదు, రాతి మీద ఉంది. 2018లో హెబ్బాళలో తవ్వకం పనుల మధ్య ఒక వీరగల్లు బయటపడింది. కాలం క్రీ.శ. 750 ప్రాంతం. గంగరాజు శ్రీపురుషుడి ఏలుబడిలో ఊరి మీదికొచ్చిన శత్రువులతో పోరాడి చనిపోయిన కిత్తయ్య అనే వీరుడి గుర్తుగా నిలిపిన రాయి అది. నగర శివారు బేగూరు గుడిలో ఇంకోటి ఉంది. క్రీ.శ. 890 ప్రాంతపు ఆ శాసనంలో ‘బెంగళూరు యుద్ధం’లో ప్రాణం విడిచిన బుట్టనసెట్టి పేరు కనబడుతుంది. రాజుల పేర్లతో పాటే ఇలాంటి మామూలు మనుషుల పేర్లూ ఈ ఊరి రాళ్లెక్కాయన్నమాట.

వీరగల్లును చదవడానికి ఒక పద్ధతి ఉంది. సాధారణంగా మూడు అరలుంటాయి, కింద నుంచి పైకి చూసుకుంటూ పోవాలి. అడుగున కత్తీ డాలూ పట్టుకుని పోరాటం. నడుమ అరలో అప్సరసలు వీరుణ్ణి చెరో వైపు పట్టుకుని పైకి తీసుకుపోతుంటారు. అన్నిటికన్నా పైన శివలింగం, నంది, పక్కన చేతులు జోడించి మన వీరుడు. అక్షరం రానివాడికి కూడా కథ మొత్తం అర్థమైపోతుంది. అందులో లేనిదల్లా వీరుడి చిన్నతనం. ఇప్పటి పిల్లల పుస్తకాలు మాత్రం సరిగ్గా అక్కడే మొదలవుతాయి.

ఫారం లెక్క

బొమ్మల జీవితచరిత్రలు ఎక్కువ భాగం 32 పేజీలే ఎందుకుంటాయి? ఇందులో సాహిత్య సిద్ధాంతం ఏమీ లేదు, ప్రెస్సు లెక్క. పెద్ద కాగితాన్ని రెండు వైపులా అచ్చువేసి మడతపెడితే ఎనిమిదో, పదహారో పేజీల ఫారం వస్తుంది. పదహారు పేజీల ఫారాలు రెండు కలిపి మధ్యలో పిన్నులు కొడితే పుస్తకం. అమర్ చిత్ర కథలూ ఈ కొలతే, అమెరికాలో అచ్చయ్యే బొమ్మల పుస్తకాలూ చాలావరకు ఇదే కొలత. పేరూ, ప్రచురణ వివరాలూ పోగా కథకు మిగిలేవి పద్నాలుగు జంట పేజీలనుకోండి. నూరేళ్లు బతికిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యకు ఏడేళ్లకొక బొమ్మ చొప్పున వస్తుంది. అంతే చోటు. కాబట్టి రాసేవాడికి అసలు పని వదిలిపెట్టడంలో ఉంటుంది. ఏది వదిలాడో చూస్తే ఆ పుస్తకం మంచిదో కాదో సగం తెలిసిపోతుంది.

నంబరు 11 నుంచే ఎందుకు?

పాత అమర్ చిత్ర కథలు దాచుకున్నవాళ్లకు ఈ సందేహం వచ్చే ఉంటుంది. ఇంగ్లీషులో తొలి పుస్తకం ‘కృష్ణ’. దాని నంబరు మాత్రం 11. మొదటి పదీ ఏమయ్యాయి?

అందరికీ తెలిసిన కథ ఢిల్లీది. 1967లో దూరదర్శన్ క్విజ్‌లో పిల్లలు గ్రీకు దేవుళ్ల గురించి టకటకా చెప్పి, రాముడి తల్లి ఎవరంటే నీళ్లు నమిలారు. అది చూసిన అనంత్ పై మనసు చివుక్కుమంది, అక్కడ పుట్టింది అమర్ చిత్ర కథ. అనంత్ పై కార్కళలో పుట్టినవాడు, 1929లో. ఆ కథ చెప్పింది ఆయనే, కాదనడానికి లేదు. బెంగళూరు వాళ్లు చెప్పే కథ మాత్రం రెండేళ్లు ముందు మొదలవుతుంది. ఇండియా బుక్ హౌస్‌కు ఇక్కడ పుస్తకాలు అమ్మిపెట్టే జి.కె. అనంతరామ్‌కు, విదేశీ బొమ్మల కథలను కన్నడంలో వేస్తే అమ్ముడుపోతాయనిపించింది. 1965లో అలా వచ్చినవే ఆ పది. కథలన్నీ పడమటి దేశాల అద్భుతకథలు, భాష కన్నడం. అవి బాగా అమ్ముడుపోవడంతో బొంబాయిలోని పెద్దాఫీసుకు ధైర్యం వచ్చిందని అనంతరామ్ చెప్పుకున్నారు. అందుకే ఇంగ్లీషు లెక్క పదకొండు నుంచి మొదలైందట. పుస్తకాల అంగళ్లు తిరిగే సేల్స్‌మన్ పేరు చరిత్రలో కిందికి జారిపోవడం కొత్తేమీ కాదు. రెండు కథలకూ పొత్తు కుదురుతుంది కూడా: ఒకరు దారి చూపించారు, ఇంకొకరు బండి తోలారు.

మొదట్లో ఆ బొమ్మలకు నీలం, పసుపు, ఆకుపచ్చ రంగులే దిక్కు. అన్ని రంగులూ తరవాత వచ్చాయి. చర్చి స్ట్రీట్ పాత పుస్తకాల కొట్లలో ఆ తొలి ప్రతులు ఎప్పుడైనా కంటబడితే బేరమాడకండి, కొనేయండి.

ముఖం ఎక్కణ్ణుంచి తెస్తారు?

ఫొటో లేని కాలపు మనిషిని గీయాలంటే చిత్రకారుడికి తల ప్రాణం తోకకొస్తుంది. శ్రీకృష్ణదేవరాయల విషయంలో మనకు ఆ బెంగ లేదు. తిరుమల గుడిలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ ఆయన లోహవిగ్రహం ఉంది. తిరుమలదేవి ఒక పక్క, చిన్నాదేవి ఒక పక్క. విగ్రహం తల మీద ఉన్నది పొడుగాటి కుళ్లాయి. పిల్లల పుస్తకాల్లో, సినిమాల్లో మాత్రం రత్నాల కిరీటం, భుజకీర్తులు. కుళ్లాయి గీస్తే పిల్లలు రాజనుకోరని భయం కాబోలు. నన్నడిగితే పిల్లలకు ఆ టోపీయే నచ్చుతుంది.

బెంగళూరు కట్టిన కెంపేగౌడకు కూడా ఇలాంటి ఆధారం ఒకటుంది. శివగంగ గంగాధరేశ్వరుడి గుడిలో ఆయన లోహవిగ్రహం ఉంది, దాన్ని 1609లో నిలిపారంటారు. 2022 నవంబరులో విమానాశ్రయం దగ్గర ఆవిష్కరించిన 108 అడుగుల విగ్రహం శిల్పి రామ్ వి. సుతార్ రూపొందించినది. ఇకమీద పిల్లలు క్రేయాన్లతో గీసే కెంపేగౌడ ముఖం ఇదే అవుతుంది. విమానం దిగి రాగానే కనబడేది ఇదే కదా.

తెలుగు రాసిన గౌడ

కెంపేగౌడ గురించి మనవాళ్లలో చాలామందికి తెలియని ముచ్చట: ఆయన తెలుగులో ఒక యక్షగానం రాశాడు. పేరు ‘గంగాగౌరీ విలాసం’. ఇంట్లో కన్నడం, కొలువు చేసింది విజయనగరానికి, కలం పట్టింది తెలుగులో. బెంగళూరులో పెరిగే తెలుగు పిల్లలకు ఇది చెబితే ఎక్కడలేని హుషారు వస్తుంది. ఊరు కట్టిన 1537వ సంవత్సరం కన్నా వాళ్లకు ఇదే గుర్తుంటుంది.

ఆయన కథలో ఎప్పుడూ వచ్చే బొమ్మ ఒకటుంది, కుందేలు వేటకుక్కను తరమడం. పౌరుషమున్న నేల ఇదేనని గుర్తుపట్టి అక్కడ ఊరు కట్టాడని చెబుతారు. చిత్రకారులకు మంచి గిరాకీ ఉన్న కుందేలు ఇది. హరిహర బుక్కరాయలు విజయనగరానికి చోటు చూసినప్పుడూ పరుగెత్తింది, అహ్మద్ షా అహ్మదాబాదు కట్టినప్పుడూ పరుగెత్తింది. ఒక్క బొమ్మ గీసిపెట్టుకుంటే మూడు పుస్తకాలకు సరిపోతుంది.

అసలు చిక్కు దాని తరవాతి పేజీలో ఉంది. కోట దక్షిణ ద్వారం ఎన్నిసార్లు కట్టినా కూలిపోతుంటే, నిండు చూలాలైన కోడలు లక్ష్మీదేవి రాత్రివేళ వెళ్లి తనను తాను బలి ఇచ్చుకుందని ఐతిహ్యం. కోరమంగలలో ఆమె సమాధి ఉంది. ఎనిమిదేళ్ల పిల్లకు ఈ పేజీని ఎలా చెప్పాలి? వదిలేస్తే ఆ అమ్మాయి కథలోంచి మాయమైపోతుంది. ‘త్యాగమూర్తి’ అని ఒక దండ వేసి ముందుకెళ్లడం సులువు, కానీ చదివే పాప ఏం నేర్చుకుంటుంది? ఎవరో ఒకరు ప్రాణమిస్తేనే గోడ నిలబడుతుందనా? నాకు తోచినంతలో, ‘ఇలా జరిగిందని జనం చెప్పుకుంటారు, ఇది నీకు న్యాయంగా అనిపిస్తోందా?’ అని పాపనే అడగడం మేలు. పిల్లలు ఇలాంటి ప్రశ్నలకు మనకన్నా సూటిగా జవాబిస్తారు.

రెండు దీపాల కథ

విశ్వేశ్వరయ్య పూర్వీకులది గిద్దలూరు వైపు మోక్షగుండం. ఆయన పుట్టింది బెంగళూరుకు ఉత్తరాన ముద్దేనహళ్లిలో, ఇంటి మాట తెలుగు. పుట్టిన సంవత్సరం కొన్ని పుస్తకాల్లో 1860, కొన్నిట్లో 1861. పుట్టినరోజు మాత్రం అందరికీ సెప్టెంబరు 15, అదే ఇంజినీర్ల దినోత్సవం.

ఆయన మీద రాసిన పిల్లల పుస్తకం ఏది తెరిచినా రెండు దీపాల కథ తగులుతుంది. సర్కారు పని అయ్యేదాకా సర్కారు కొవ్వొత్తి, సొంత ఉత్తరం రాసుకునేటప్పుడు దాన్ని ఆర్పేసి సొంత కొవ్వొత్తి. చక్కటి కథ. చాణక్యుడికీ ఇదే కథ ఉంది. ఖలీఫా రెండో ఉమర్‌కూ ఇదే కథ ఉంది. వీధి దీపం కింద చదువుకోవడం మరొకటి. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ మొదలుకుని ఎందరో ఆ స్తంభం కింద కూచున్నారు. ఇవన్నీ అబద్ధాలని నేననను. ఒకే కథ ఇన్ని ఇళ్లలో కాపురం ఉంటే మాత్రం కాస్త అనుమానం వస్తుంది.

ఈ జబ్బు మన ఒక్కళ్లదే కాదులెండి. జార్జ్ వాషింగ్టన్ చిన్నప్పుడు గొడ్డలితో చెర్రీ చెట్టు నరికి, నాన్న దగ్గర నిజం ఒప్పుకున్న కథ అమెరికా పిల్లలందరికీ కంఠతా. దాన్ని లోకానికిచ్చింది మేసన్ వీమ్స్ అనే పుస్తకాల వ్యాపారి. 1800లో తాను రాసిన వాషింగ్టన్ జీవితచరిత్రలో ఆ చెట్టు లేదు. 1806 నాటి ఐదో కూర్పులో మొలిచింది. నిజం చెప్పమని పిల్లలకు నేర్పే కథే కల్పన.

విశ్వేశ్వరయ్యకు ఈ అరువు దీపాలు అక్కర్లేదు కూడా. 1903లో పుణె దగ్గర ఖడక్‌వాస్లా ఆనకట్టకు ఆయన పెట్టించిన గేట్లు నీళ్లు ఒక మట్టానికి రాగానే వాటంతటవే తెరుచుకునేవి, వరద తగ్గగానే మూసుకునేవి. ఎవరూ తిప్పకుండా గేటు తెరుచుకుంటుందంటే నోరు తెరవని పిల్లలుంటారా? 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచేశాక నిజాం పిలిచింది ఈయన్నే. వరదను ఊరికి పైన జలాశయాలు కట్టి ఆపాలన్నాడు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అలా వచ్చినవే. గండిపేట అని పిలుచుకునే ఉస్మాన్ సాగర్ నీళ్లు తాగి పెరిగిన పిల్లలకు, ఆ నీళ్ల వెనుక మనిషి ఈయనే అంటే ఏ కొవ్వొత్తీ దానికి సాటి రాదు.

అయిదొందల పది

1970లలో బెంగళూరు రాష్ట్రోత్థాన పరిషత్తు ‘భారత భారతి పుస్తక సంపద’ పేరుతో పిల్లల కోసం చేతిలో ఇమిడే చిన్న పుస్తకాలు కన్నడంలో తెచ్చింది. ఒకటి కాదు, పది కాదు, మొత్తం 510. సంపాదకుడు ప్రొఫెసర్ ఎల్.ఎస్. శేషగిరిరావు, ఇంగ్లీషు కన్నడ నిఘంటువులు చేసిన మనిషి. రుషులు, రాజులు, రాణులు, కవులు, శాస్త్రవేత్తలు, విప్లవవీరులు, పుస్తకానికొకరు. తరవాత వీటిలో కొన్ని ఇంగ్లీషులోకీ ఇతర భాషల్లోకీ వెళ్లాయి. తిరుమల తిరుపతి దేవస్థానం బాలల కోసం తెలుగులో వేసిన చిన్న పుస్తకాల్లో అనేకం ఈ బెంగళూరు వరుస నుంచి వచ్చినవే. ఆ పని చూసింది ఎస్.బి. రఘునాథాచార్య.

నిజానికి వీటిలో బొమ్మలకన్నా అక్షరాలదే పెత్తనం. స్వరం అంతా ప్రశంస. నాయకుడికి కోపం రాదు, పరీక్ష పోదు, పొరపాటు పడడు. పుట్టిన నాటి నుంచీ మహానుభావుడే. అయినా ఈ వరుసను తేలిగ్గా తీసేయలేం. పల్లెటూరి బడికి ఒక అట్టపెట్టెలో అయిదొందల జీవితాలు వచ్చి వాలడమంటే ఆ రోజుల్లో మాటలా? కర్ణాటకలో ఒక తరం వాళ్లను కదిపి చూడండి, నిక్కరు జేబులో ఈ పుస్తకం పెట్టుకుని తిరిగామని చెబుతారు.

ఒక ప్రయోగశాల, రెండు పుస్తకాలు

సర్ సి.వి. రామన్ కథ పిల్లల పుస్తకాలకు కొట్టినపిండి. చిన్నతనం విశాఖపట్నంలో, తండ్రి ఏవీఎన్ కాలేజీలో లెక్చరరు. పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్. 1921లో ఓడలో వస్తూ సముద్రం నీలంగా ఎందుకుందని తల బద్దలు కొట్టుకోవడం. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్టు, 1930లో నోబెల్. 1933లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరు. 1948లో సొంత సంస్థ. తలపాగా చుట్టడం వస్తే చాలు, ముఖచిత్రం సిద్ధం.

ఇప్పుడు ఆ సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌నే ఇంకో గుమ్మంలోంచి చూడండి. 1933లో కమలా భాగవత్ అనే అమ్మాయి, బొంబాయిలో డిగ్రీలో మొదటి స్థానం తెచ్చుకుని, ఇక్కడ పరిశోధనకు దరఖాస్తు పెట్టుకుంది. ఆడపిల్లలను తీసుకోనన్నాడు రామన్. ఆమె ఊరుకోలేదు, ఆయన ఆఫీసు ముందు సత్యాగ్రహం చేసింది. చివరికి షరతుల మీద రానిచ్చారు: ఏడాదిపాటు పరీక్షగా ఉండాలి, పని తృప్తిగా ఉందనేదాకా గుర్తింపు లేదు, మగ పరిశోధకుల ధ్యాస చెడగొట్టకూడదు. ఏడాదయ్యాక రామనే ఒప్పుకున్నాడు. తరవాత ఆమె కేంబ్రిడ్జి వెళ్లి 1939లో డాక్టరేటు తెచ్చుకుంది. సిద్ధాంతవ్యాసం టైపు చేసిన 40 పేజీలు మాత్రమే. విజ్ఞానశాస్త్రంలో ఆ పట్టా అందుకున్న తొలితరం భారతీయ మహిళల్లో ఒకరు ఆమె, మనం పాఠాల్లో చదివిన కమలా సోహొనీ.

ఆ తరవాత 1940లో రామన్ ప్రయోగశాలకే అన్నా మణి వచ్చింది. బెంగళూరులోనే ఉన్న ప్రథమ్ బుక్స్ ఈమె మీద ఒక బొమ్మల పుస్తకం తెచ్చింది. రాసింది నందితా జయరాజ్, బొమ్మలు వేసింది ప్రియా కురియన్. ఆ పుస్తకం వాతావరణ ప్రయోగాల చుట్టూ తిరుగుతుంది. అన్నా జీవితంలో బొమ్మకు పనికొచ్చే ఘట్టాలు మాత్రం ఒక పుస్తకానికి మించి ఉన్నాయి. తిరువాన్కూరు సంస్థానంలోని పీర్మేడులో కలిగిన ఇంట్లో పుట్టింది. ఎనిమిదో పుట్టినరోజుకు ఇంటి ఆచారం ప్రకారం వజ్రాల కమ్మలిస్తే వద్దని, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా సంపుటాలు కావాలంది. పెద్దయ్యాక బెంగళూరులో ఆమెకు దొరికిన పనేమిటో తెలుసా? వజ్రాల మీద పరిశోధన. రామన్ దగ్గర మూడొందల వజ్రాలుండేవి. వాటి మీద కాంతి వేసి వర్ణపటాలు తీయడానికి ఫొటో పలకను ఒక్కోసారి పదిహేను ఇరవై గంటలు అలా ఉంచాలి. రాత్రిళ్లు ప్రయోగశాలలోనే గడిచిపోయేవి. పెట్టుకోనన్న వజ్రాల పక్కనే నిద్ర. గీయడానికి ఇంతకన్నా మంచి జంట పేజీ ఏముంటుంది?

అయిదు పరిశోధనా పత్రాలు రాసి, 1945లో సిద్ధాంతవ్యాసం మద్రాసు విశ్వవిద్యాలయానికి పంపింది. ఎమ్మెస్సీ లేదన్నారు, డాక్టరేటు ఇవ్వలేదు. బైండు చేసిన ఆ వ్యాసం రామన్ పరిశోధనా సంస్థ గ్రంథాలయంలో, పట్టా వచ్చిన వ్యాసాల పక్కనే, తేడా తెలియకుండా ఉంటుందని ఆమె మీద పరిశోధన చేసినవాళ్లు రాశారు. భౌతికశాస్త్రం చదువుదామని ఇంగ్లండు వెళితే దొరికింది వాతావరణ పరికరాల పని. దాన్నే పట్టుకుంది. 1948లో పుణెలో వాతావరణ శాఖలో చేరి, అంతవరకూ విదేశాల నుంచి తెప్పించుకునే పరికరాలను ఇక్కడే తయారు చేయించింది. దాదాపు వంద పరికరాలకు నమూనా డ్రాయింగులు ఆమె ఆధ్వర్యంలో సిద్ధమయ్యాయి. ఓజోనును కొలిచే ఓజోన్‌సోండ్ కూడా చేయించింది. 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా రిటైరై, బెంగళూరు వచ్చి మళ్లీ పనిలో పడింది. దేశంలో ఎండ ఎక్కడెంత కాస్తుందో లెక్కలు కట్టి పుస్తకాలు వేసింది. ఇప్పటి సౌరవిద్యుత్ వాళ్లకు అవి పునాదులు.

రామన్ కథ పక్కన కమల, అన్నాల కథలు పెట్టి చదివిన పిల్లవాడు ఒకటి కనిపెట్టేస్తాడు: గొప్పవాళ్లు అన్నిట్లోనూ గొప్పగా ఉండరు. దీనివల్ల రామన్ పరువేమీ పోదు. కాంతిని అంత దగ్గరగా చూసిన మనిషికి ఎదురుగా నిలబడ్డ అమ్మాయి కనబడకపోవడం కూడా ఆయన కథలో భాగమే. 510 పుస్తకాల కాలంలో ఈ పేజీని మడిచి దాచేసేవాళ్లు. ఇప్పుడు అదే మొదటి పేజీ అవుతోంది. నాకు ఈ మార్పే నచ్చింది.

గడుల్లో పెట్టని జీవితం

బెంగళూరు దాటి ఒక్క క్షణం. 2011లో నవయాన వేసిన ‘భీమాయన’ అంబేద్కర్ బొమ్మల జీవితం. గీసింది పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. మనుషులను గడుల్లో బంధించమని కామిక్సు పద్ధతినే కాదన్నారు. మంచి మాట మాట్లాడేవాడి నోటి దగ్గర మాటల బుడగ పక్షి ఆకారంలో ఉంటుంది. విషం కక్కేవాడి బుడగకు తేలు కొండి. చదవడం రాని పిల్ల కూడా ఎవరి మాట కుడుతుందో చూడగానే చెప్పేస్తుంది. చెన్నై తూలికా వాళ్ల గాంధీ పుస్తకానికి వర్లీ చిత్రకారుడు రాజేశ్ చైత్య వంగడ్ బొమ్మలు వేశాడు. రెండు త్రికోణాలు కలిపితే వర్లీ మనిషి. తూలికా వాళ్లు తెలుగుతో కలిపి తొమ్మిది భాషల్లో పుస్తకాలు వేస్తారు.

మాటలు లెక్కపెట్టే ఊరు

ప్రథమ్ బుక్స్ 2004లో మొదలైంది. స్థాపకుల్లో రోహిణీ నీలేకని ఒకరు. 2015 సెప్టెంబరు 8న, అక్షరాస్యతా దినం నాడు, స్టోరీవీవర్ అనే డిజిటల్ వేదిక తెరిచారు. ఆనాటికి 24 భాషల్లో 800 కథలు. ఇవాళ భాషలు మూడొందలు దాటాయి.

ఇక్కడ కథకు మెట్లుంటాయి. మొదటి మెట్టు పుస్తకం 250 మాటలు దాటకూడదు. రెండోది 600 లోపు, మూడోది 1500 లోపు, నాలుగో మెట్టు ఆపైన. ఒక జీవితాన్ని 250 మాటల్లో చెప్పి చూడండి, సరదాగా ఉంటుంది. బిరుదులు రాస్తేనే సగం అయిపోతాయి. కాబట్టి బిరుదులు ఎగిరిపోతాయి, వంశం ఎగిరిపోతుంది, ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ మొట్టమొదట ఎగిరిపోతుంది. మిగిలేది ఒక పిల్ల, ఒక కోరిక, అడ్డుపడ్డ ఒక తలుపు.

ఈ కథలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు మీద ఉంటాయి. పేర్లు చెప్పి ఎవరైనా అనువదించుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బెంగళూరు తెలుగు ఇళ్లలో పిల్లలకు తెలుగు మాట్లాడటం వస్తుంది, చదవడం దగ్గరే ఆగిపోతుంది. బడిలో ఇంగ్లీషు, కన్నడం, హిందీ. మార్కులు లేని భాషకు టైమెవడిస్తాడు? పేజీకి రెండు వాక్యాలుండే బొమ్మల పుస్తకం ఇలాంటి ఇంటికి సరిగ్గా అతుకుతుంది. అమ్మమ్మ చదివి చెబుతుంటే మనవడు బొమ్మ చూస్తూ, మూడోసారికి అక్షరాలు కూడబలుక్కుంటాడు.

రాయాల్సిన పుస్తకం

నన్ను ఒక పుస్తకం ఎంచుకోమంటే గాయని బెంగళూరు నాగరత్నమ్మకు ఓటేస్తాను. 1878లో నంజనగూడులో పుట్టింది. పేరులోనే బెంగళూరు ఉంది, పాటలో త్యాగరాజు ఉన్నాడు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి పాడుబడి ఉందని విని, తన డబ్బుతో, నగలమ్మిన సొమ్ముతో 1920లలో గుడి కట్టించింది. అక్కడి ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదంటే, ఆడవాళ్లందరినీ కూడగట్టి వేరే కచేరీ పెట్టింది. ఇంతవరకూ బొమ్మలు గీయడం సులువే.

చిక్కంతా 1910 నాటి పేజీలో. కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికాసాంత్వనము’ అప్పటికున్న అచ్చుప్రతిలో కొన్ని పద్యాలు లేవని నాగరత్నమ్మ గమనించింది. తాళపత్ర ప్రతి సంపాదించి పూర్తి పాఠం అచ్చువేయించింది. ప్రచురణకర్తలు వావిళ్ల వారి మీద పోలీసులు వచ్చిపడ్డారు, ప్రతులు పట్టుకుపోయారు, పుస్తకం నిషేధం. అది పెద్దలు చదువుకునే శృంగార కావ్యం, పిల్లల చేతికిచ్చేది కాదు. అలాగని ఈ ఘట్టాన్ని ఎత్తేస్తే నాగరత్నమ్మలో సగం పోతుంది. మొదటి మెట్టు భాషలో ఇలా రాయొచ్చు: ‘చాలా కాలం క్రితం ఒకావిడ పుస్తకం రాసింది. ఎవరో అందులోంచి కొన్ని పద్యాలు తీసేశారు. నాగరత్నమ్మ వాటిని తిరిగి పెట్టింది.’ ఏడేళ్ల పిల్లకు ఇందులో అర్థం కానిదేముంది? పోలీసులు పుస్తకాల కట్టలు మోసుకుపోయే పేజీలో చిత్రకారుడికి చేతినిండా పని. దాని పక్క పేజీకి ముప్పయ్యేళ్లు దాటేస్తే చాలు, నిషేధం ఎత్తివేయించిన టంగుటూరి ప్రకాశం పంతులు వస్తారు. ఆయన్ను గీయడం కష్టమేమీ కాదు, ఫొటోలు బోలెడున్నాయి.